గుడ్డ కట్టిన గిట్ట

హైదరాబాదు హుస్సేనీ ఆలంలో నాల్‌బంద్ దుర్గయ్య కొలిమి ఏదంటే ఎవరైనా చెయ్యి చూపించేవారు. గుర్రాలకు లాడాలు కొట్టేవాణ్ని అక్కడ నాల్‌బంద్ అంటారు. పంతొమ్మిది వందల డెబ్బై ఒకటో సంవత్సరం నాటికి ఆయనకు డెబ్బై ఆరేళ్లు. టాంగాలు పోయి ఆటోలు వచ్చిపడ్డాయి. అయినా మిగిలిన పదో పరకో టాంగాలవాళ్లు ఆయన దగ్గరికే వచ్చేవారు. ఎంత పొగరుబోతు గుర్రమైనా సరే, దాని కాలెత్తి ఒళ్లో పెట్టుకుని నాలుగు మాటలు గొణిగాడంటే బుద్ధిగా నిలబడేది. "నీ చేతిల ఏదో ఉన్నది దుర్గయ్య భాయ్" అని టాంగావాళ్లు మెచ్చుకుంటే మొహం పక్కకు తిప్పుకునేవాడు. వినయం అనుకునేవారు. వినయమా పాడా! మెప్పు ఆయనకు పడేది కాదు.

ఎందుకంటే ఆయనకు ఒక చప్పుడు వినిపించేది. పొద్దున్నే కొలిమి రాజేసి తిత్తి నాలుగుసార్లు ఊదేసరికి గల్లీ మొదట్లో గుర్రం నడిచి వస్తున్న చప్పుడు. టక్, టక్, టక్. ఆ తర్వాత మెత్తగా, గోనెపట్టా నేల మీద వేసినట్టు ఒకటి. మళ్లీ టక్, టక్, టక్. మళ్లీ మెత్తగా. మూడు గట్టి అడుగులు, ఒక మెత్తటి అడుగు. అది గుమ్మం దాకా వచ్చి ఆగేది. బయటికి వెళ్లి చూస్తే గుర్రమూ లేదు, గాడిదా లేదు. ఎదురింటావిడ వాకిట్లో చల్లిన నీళ్ల తడి మీద గిట్ట గుర్తు కూడా ఉండేది కాదు.

యాభై రెండేళ్లుగా ఇదే వరస. భార్య నీలమ్మ బతికున్న రోజుల్లో అడిగేది.

"ఏంది, ఎవలొచ్చిండ్రు?"

"ఎవల్లేరు."

నలభై ఏళ్లు ఆ ఒక్క జవాబే విని, నమ్మకుండానే ఆవిడ కాలం చేసింది.

ఆ ఏడు భాద్రపదంలో, పెద్దల అమావాస్య పెత్రమాస ఇంకా తొమ్మిది రోజులుందనగా, వామన్‌రావు పంతులు చంకలో ఫైలు పెట్టుకుని కొలిమికి వచ్చాడు. వాళ్లది తరాలుగా గుడి సేవ చేసుకునే ఇల్లు. ఆయన మాత్రం సర్కారు దఫ్తరులో పాత కాగితాలు చూసే కొలువు చేసి రిటైరయ్యాడు. ఊరికే కూర్చోలేని మనిషి. మొదటి ప్రపంచ యుద్ధానికి నిజాం, మైసూరు, జోధ్‌పూరు సంస్థానాల రౌతులను కలిపి ఇంగ్లీషువాళ్లు ఒక బ్రిగేడ్ కట్టారు కదా, పదిహేనో ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడ్ అని, దాని చరిత్ర తెలుగులో రాయాలని పట్టుపట్టి కూర్చున్నాడు. ఆ బ్రిగేడ్‌లో సూయజ్ కాలువ నుంచి అలెప్పో దాకా నడిచి, ఇంకా ప్రాణాలతో ఉన్నవాడు పేటలో దుర్గయ్య ఒక్కడే. చరిత్ర రాసేవాళ్లకు మామూలుగా గుర్రం మీద కూర్చున్నవాడు కనిపిస్తాడు గానీ గుర్రం కాలు పట్టుకున్నవాడు కనిపించడు. పాపం వామన్‌రావు ఆ విషయంలో కాస్త నయం. రెండు నెలలుగా వచ్చి అడిగి రాసుకుని పోతున్నాడు.

"నీ పేజీ తయారైంది దుర్గయ్యా. విను" అని కళ్లజోడు సవరించుకుని చదివాడు. "హుస్సేనీ ఆలం వాస్తవ్యుడు కమ్మరి దుర్గయ్య నాలుగేండ్ల పైచిలుకు ఎడారిలో వేలాది గుర్రాలకు లాడాలు కొట్టి, ఏ నాడూ విధి తప్పక..."

దుర్గయ్య సుత్తె కింద పెట్టాడు. తన పేరు అచ్చులో వస్తుంది. పక్కన ఫొటో కూడా వేస్తారట. సంతోషం కలగలేదని అంటే అబద్ధమే. కలిగింది, ఒక్క క్షణం.

"ఇంకొకటున్నది" అన్నాడు వామన్‌రావు, ఇంకో కాగితం తీసి. "చివర్ల పేర్ల పట్టీ ఇస్తున్న. చచ్చిపోయినోళ్లు, దెబ్బలు తాకినోళ్లు, పారిపోయినోళ్లు. మన దిక్కు నుంచి పారిపోయినోడు ఒక్కడే ఉన్నడు. సాయీసు ఎల్లప్ప, జహనుమా బస్తీ. పంతొమ్మిది వందల పద్దెనిమిది, అక్టోబరు. నీకు ఎరికేనా?"

కొలిమిలో బొగ్గులు చిటపటలాడాయి. ఎరిక ఏమిటి, ఆ మనిషితో దుర్గయ్య ఒకే కంచంలో తిన్నాడు.

ఎల్లప్ప ఆయన కంటే ఐదారేళ్లు పెద్ద. గుర్రాన్ని కడిగి, మేపి, జీను వేసే సాయీసు. బొంబాయిలో ఓడ ఎక్కేనాటికి భార్య బాలమ్మకు ఆరో నెల. సూయజ్ కాలువ గట్టున ఇసుకలో డేరాలు వేసుకుని ఉండగా ఇంటి నుంచి కార్డు వచ్చింది, ఆడపిల్ల పుట్టింది, ఆగమ్మ అని పేరు పెట్టాం అని. ఎల్లప్పకు చదువు రాదు. ఆ కార్డు పట్టుకుని కనిపించిన ప్రతివాడి చేతా చదివించుకునేవాడు. వినీ వినీ దుర్గయ్యకు అది కంఠతా వచ్చేసింది.

ఆ నెలలోనే ఎల్లప్ప చేతికి ఒక తెల్ల ఆడగుర్రాన్ని ఇచ్చారు. ఫౌజులో గుర్రానికి పేరుండదు, నంబరే. ముందరి ఎడమ గిట్ట మీద కాల్చిన ఇనప అంకెలతో ఆ నంబరు వేస్తారు. వేసేది నాల్‌బందే. రెండు వందల పదిహేడు అని దుర్గయ్య అంకెలు నొక్కుతుంటే, గిట్ట నుంచి పొగ లేస్తుంటే, ఎల్లప్ప ఆ గుర్రం కళ్లకు చెయ్యి అడ్డం పెట్టి, "అయిపాయె బిడ్డా, అయిపాయె" అన్నాడు. గిట్టకు నొప్పి ఉండదని ఎంత చెప్పినా వినలేదు.

ఫౌజులో ఇంకో రివాజు ఉండేది. గుర్రం చచ్చినా, పనికిరాదని కాల్చేసినా, నంబరున్న గిట్టను గొడ్డలితో నరికి తెచ్చి గుర్రాల లెక్క రాసే జమేదారుకు చూపించాలి. గిట్టను కళ్లతో చూశాకే ఆయన పుస్తకంలో ఆ నంబరు కొట్టేసేవాడు. లేదంటే గుర్రాన్ని ఎవరికో అమ్ముకున్నారని అనుమానం. నరికే పని కూడా నాల్‌బందుదే. లాడం కొట్టిన చేత్తోనే నరకాలి. జోర్డాన్ లోయ ఎండల్లో ఆయన ఎన్ని గిట్టలు నరికాడో లెక్క మర్చిపోయాడు. లెక్క పోయినా చేతికి తగిలిన ఆ బరువు మాత్రం పోలేదు.

యుద్ధం అయిపోవచ్చిందని అందరికీ తెలుస్తున్న రోజులు. డమాస్కస్ దాటి బ్రిగేడ్ అలెప్పో వైపు పరుగులు పెడుతోంది. రెండు వందల పదిహేడో నంబరు గుర్రం ముందరి కుడికాలు కుంటడం మొదలుపెట్టింది. పశువుల డాక్టరు దొర ఒకసారి చూసి, కాల్చేయమని చెప్పి వెళ్లిపోయాడు. ఎల్లప్ప వచ్చి దుర్గయ్య చేతులు పట్టుకున్నాడు.

"తమ్మీ, నెలరోజులు కూసుంటె కాలు బాగైతది. నాలుగేండ్లు మోసింది. దీన్ని సంపనియ్యకు. గా వాగు అవుతల మట్టిండ్ల ఊరున్నది సూడు, పొద్దుగాల నీళ్లకు పోతె గాడ ఒక ముసలామె రొట్టె వెట్టింది. ఆమెకు ఇచ్చి వస్త."

"జమేదారు గిట్టేది అంటె ఏం జూపెట్టాలె?"

"నువ్వు తలసుకుంటె గిట్టకు కరువా?"

నిజమే, కరువు లేదు. దారి పొడుగునా ఓడి పారిపోతున్న టర్కీవాళ్ల గుర్రాలు చచ్చిపడి ఉన్నాయి. దుర్గయ్య ఒకదాని గిట్ట నరికాడు. ఆకురాయితో చదును చేశాడు. అంకెలు కాల్చి 217 వేశాడు, కొత్తగా కనిపించకుండా బురద రాసి రుద్దాడు. జమేదారు దాన్ని చూసి ఎర్రసిరాతో నంబరు కొట్టేశాడు. ఇరవై మూడేళ్ల కుర్రాడికి ఆ సాయంత్రం ఒక ప్రాణం నిలబెట్టానన్న గర్వం.

ఎల్లప్ప తన తలగుడ్డ విప్పి గుర్రం కుంటికాలి గిట్టకు మందంగా చుట్టి కట్టాడు. "పొద్దుగూకెవరకు వస్త. ఫికర్ జెయ్యకు" అని వాగులోకి దిగాడు.

పొద్దుగూకింది. హాజరీ పిలిచారు. ఎల్లప్ప రాలేదు. ఎడారి దొంగలు తిరుగుతున్న రోజులు. హాజరీ పిలిచిన దఫేదారు మంచివాడు, నలుగురు రౌతుల చేత గుర్రాలకు జీను వేయించి దుర్గయ్య దగ్గరికి వచ్చాడు.

"ఎల్లప్పా కిధర్ గయా?"

చెయ్యెత్తి వాగు వైపు చూపిస్తే చాలు. చూపిస్తే రౌతులు వెళ్తారు, వెళ్తే గుర్రం దొరుకుతుంది, దాని గిట్ట మీద 217 ఉంటుంది. జమేదారు బల్ల కింద ఇంకో 217 పడుంది. ఫౌజులో దొంగ గిట్ట చూపించినవాణ్ని ఏం చేస్తారో దుర్గయ్య చూశాడు. చెయ్యి లేవలేదు.

"మాలూమ్ నై సాబ్."

మర్నాడు తెల్లవారగానే బ్రిగేడ్ కదిలింది. నాల్‌బందులు అందరికంటే వెనక నడుస్తారు. రెండు కోసులు పోయాక దుర్గయ్యకు వెనకాల చప్పుడు వినిపించింది. టక్, టక్, టక్, మెత్తగా ఒకటి. తిరిగి చూస్తే తెల్ల గుర్రం ఒంటరిగా కుంటుకుంటూ వస్తోంది. పగ్గం నేల మీద ఈడుస్తోంది. కాలికి ఎల్లప్ప తలగుడ్డ అలాగే ఉంది, దుమ్ము కొట్టుకుపోయి. అది సూటిగా దుర్గయ్య దగ్గరికొచ్చి ముట్టెతో భుజం తోసింది. వెనక్కి నాలుగడుగులు వేసి, ఆగి, చూసింది. మళ్లీ వచ్చి తోసింది, మళ్లీ వెనక్కి వెళ్లింది. నోరులేని జంతువు ఏమంటుందో అర్థం కాలేదని దుర్గయ్య ఏనాడూ తనకు తాను చెప్పుకోలేదు. బాగా అర్థమైంది, ఎల్లప్ప వాగవతల ఎక్కడో పడి ఉన్నాడని. ముందు నడుస్తున్న జమేదారు ఏ నిమిషానైనా వెనక్కి తిరగొచ్చు. దుర్గయ్య వంగి రాళ్లు ఏరుకున్నాడు.

హైదరాబాదు తిరిగొచ్చిన వారానికే బాలమ్మ నాలుగేళ్ల పిల్లను చంకనేసుకుని కొలిమికి వచ్చింది. "అన్నా, మా ఆయనేడి? ఇద్దరు గలిసి పోయిండ్రు గదా" అని అడిగింది. "తెల్వదు చెల్లె" అన్నాడు. పిల్ల కొలిమి మంట వైపు చూస్తూ నవ్వింది. కొన్నాళ్లకు సర్కారు కాగితం వచ్చింది, ఎల్లప్ప పారిపోయాడని. జహనుమా అంతా లొల్లి. అక్కడ తెల్లతోలు దాన్ని చేసుకుని కాపురం పెట్టాడట అని ఒకరు, పిల్లలు కూడా పుట్టారట అని ఇంకొకరు. ఆ నోళ్లకు తాళాలెక్కడివి! బాలమ్మ మాత్రం బొట్టు చెరపలేదు, గాజులు తీయలేదు. పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు ముత్తయిదువలాగే పోయింది.

బాలమ్మ కొలిమికి వచ్చి వెళ్లిన మర్నాడు పొద్దున్నే దుర్గయ్య గల్లీలో ఆ చప్పుడు మొదటిసారి విన్నాడు.

"ఏమైంది దుర్గయ్యా?" వామన్‌రావు కాగితం దించాడు.

"గా పేరు కొట్టెయ్ పంతులు."

"ఎట్ల కొట్టేస్త? రిజిస్టర్ల ఉన్నది."

"గా రిజిస్టర్ల ఉన్నది నేను జెప్పిన అబద్ధం."

అంతా చెప్పాడు. కొలిమి ఆరిపోతున్నా తిత్తి ఊదలేదు. వామన్‌రావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది రాస్తే నీ పేజీ ఉండదు. ఫొటో ఉండదు. నలుగురు నాలుగు రకాలంటరు" అన్నాడు.

"నా పేజీ చింపెయ్."

"పుస్తకం సంగతి తర్వాత. ఆయన బిడ్డ ఆగమ్మ ఉన్నది కద జహనుమాల? ముందు ఆమెకు చెప్పు. పెత్రమాస వస్తున్నది. మా ఇంటికి ఊరందరు వచ్చి పోయినోళ్ల పేరు మీద బియ్యం ఇచ్చిపోతరు. మనిషి పోయిండని చెప్పేటోడే లేకుంటె ఆయన పేర ఎవరిస్తరు? యాభై మూడేండ్లు ఉపాసమున్నట్టే కద."

ఆ మాట దుర్గయ్యకు గుండెలో దిగింది. పొద్దున్నే గుమ్మం దాకా వచ్చి ఆగేది ఎందుకు ఆగుతుందో ఇన్నేళ్లూ ఆలోచించలేదు. తనను భయపెట్టడానికే వస్తుందనుకున్నాడు. ఆకలితో వచ్చేదేమో.

మర్నాడు ఆగమ్మ ఇంటికి వెళ్లాడు. జహనుమాకు ఆయన వెళ్లడం యాభై ఏళ్లలో అదే మొదటిసారి. ఆగమ్మకు యాభై ఆరేళ్లు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసిన భర్త పోయాక మోదుగాకులతో విస్తర్లు కుట్టి బతుకుతోంది. వాకిట్లో ఆకుల కుప్ప ముందు కూర్చుని ఉంది.

"ఎవలు? కమ్మరి కాకానా? గిటు తొవ్వ వట్టినవేంది?" అంటూ పీట జరిపింది.

దుర్గయ్య పీట మీద కూర్చోలేదు. నేల మీదే కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. గిట్ట సంగతి, గుడ్డ సంగతి, దఫేదారు అడగడం, తను చెయ్యెత్తకపోవడం, రాళ్ల సంగతి. ఆగమ్మ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. ఆమె చేతులు ఆకుకు పుల్ల గుచ్చుతూనే ఉన్నాయి. ఆయన మాట ఆగాక కూడా గుచ్చుతూనే ఉన్నాయి.

"నా పెండ్లికి తండ్రి లేడు" అంది. "మగపెండ్లోల్లు అడిగితె లేచిపోయినోని బిడ్డ అని సెప్పిండ్రు. గా దినం నుంచి రోజు తిట్టిన కాకా. దీపం వెట్టి మరీ తిట్టిన. ఆడ ఎవతెతోనో సుకంగున్నడని. గా తిట్లన్ని ఎవలకు తాకినయి?"

దుర్గయ్య కింద రాలిన ఒక ఆకు ఏరి కుప్పలో వేశాడు.

"నన్ను గన్న అవ్వను పసుపు కుంకుమతోని సాగనంపినం. మీ బాపు ఇంటికి వస్తడని, వచ్చెవరకు తలుపుకు గొళ్లెం వెట్టొద్దని సెప్పి సచ్చిపోయింది."

"తప్పయింది బిడ్డా."

"ఎన్ని రాళ్లు కొట్టినవ్?"

ఈ ప్రశ్న వస్తుందని ఆయన అనుకోలేదు. కానీ జవాబు యాభై మూడేళ్లుగా నాలుక కొసనే ఉంది.

"మూడు. మొదటి రెండు తాకలే. అది పోలే. మూడోది నొసలుకు తాకింది."

"అప్పుడు?"

"జరసేపు నన్నే సూసుకుంట నిలవడ్డది. ఎనుకకు మర్లింది. వాగు దిక్కు పోయింది, కుంటుకుంట."

ఆగమ్మ కుడుతున్న విస్తరి పక్కన పెట్టింది. అప్పటిదాకా పొడిగా ఉన్న కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గుర్రమన్నా మా బాపు దగ్గరికి మర్లిపోయింది" అంది. కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. పొమ్మని అనలేదు, ఉండమనీ అనలేదు. దుర్గయ్య చాంద్రాయణగుట్ట నుంచి వచ్చే బస్సు ఎక్కకుండా నడిచే ఇంటికి వచ్చాడు.

పెత్రమాస నాడు పొద్దున్నే ఆగమ్మ హుస్సేనీ ఆలం వచ్చింది. వామన్‌రావు ఇంటి అరుగు మీద ఆయన కొడుకు శ్రీనివాస్ కూర్చుని అందరి దగ్గరా బియ్యం తీసుకుంటున్నాడు. దుర్గయ్యను ముందే అక్కడికి రమ్మని ఆగమ్మ కబురు పెట్టింది. ఆమె తెచ్చిన ఒక విస్తరిలో బియ్యం, వంకాయలు, చింతపండు. రెండో విస్తరి మీద కొంగు కప్పి ఉంది.

"పేరు?" అన్నాడు శ్రీనివాస్.

"ఎల్లప్ప. మా బాపు."

"ఎప్పుడు పోయిండు?"

ఆగమ్మ దుర్గయ్య వైపు చూసింది. అరుగు ముందు పదిమంది నిలబడి ఉన్నారు. అందరూ ఎరిగినవాళ్లే, ఆయన పనితనం మెచ్చుకునేవాళ్లే.

"పద్దెనిమిదో సాలు, అక్టోబర్ల" అన్నాడు దుర్గయ్య. అందరికీ వినపడేట్టు అన్నాడు. "లడాయిల. పారిపోలే. నాకు ఎరికె ఉండి సెప్పలే."

శ్రీనివాస్ పేరు చదివి బియ్యం తీసుకున్నాడు. లోపలి గదిలో వామన్‌రావు ఫైలు విప్పి, ఒక పట్టీలో పేరు కొట్టేసి ఇంకో పట్టీలో రాస్తున్నాడు. రిజిస్టరు ఏమన్నా సరే అనుకున్నాడేమో.

ఆగమ్మ దుర్గయ్యతో పాటు కొలిమి దాకా నడిచింది. గుమ్మం ముందు ఆగి రెండో విస్తరి మీద కొంగు తీసింది. నానబెట్టిన ఉలవలు.

"గుర్రానికి కూడ ఎవలు వెట్టకపోతిరి. దాని పేరేంది కాకా?"

"ఫౌజుల పేరుండది బిడ్డా. నంబరే."

"మా బాపు ఏమని పిలుస్తుండె?"

దుర్గయ్య గోడకు చెయ్యి ఆనించాడు. ఇంటిదాకా వెళ్లి అన్నీ చెప్పినవాడు ఈ ఒక్కటీ చెప్పకుండా దాచుకున్నాడు. దాచాలని దాచలేదు, నోరు రాలేదు.

"ఆగవ్వ అని పిలుస్తుండె. కార్డు వచ్చిన దినం నుంచి నీ పేరే. పుట్టినదాన్ని సూడకపోతి, దీన్నన్నా సూసుకుంట అంటుండె."

ఆగమ్మ చేతిలో విస్తరి కదిలింది. నాలుగు ఉలవలు కింద పడ్డాయి. వంగి ఏరి మళ్లీ విస్తరిలో వేసింది.

"రాళ్లు కొట్టేటప్పుడు నువ్వేమన్నవ్ దాన్ని?"

"పేరు వెట్టే పొమ్మన్న." దుర్గయ్య వలవలా ఏడ్చాడు, డెబ్బై ఆరేళ్ల మనిషి, గల్లీ మధ్యలో నిలబడి. "పో ఆగవ్వా, పో, అన్న."

ఆమె ఆయన్ని ఓదార్చలేదు. తిట్టనూ లేదు. ఉలవల విస్తరి ఆయన రెండు చేతుల్లో పెట్టింది.

"పొమ్మన్నది నువ్వే గదా" అంది. "ఇప్పుడు నువ్వే రమ్మను."

కొలిమి ఇంకా రాజేయలేదు. గల్లీ మొదట్లో ఎవరూ లేరు. దుర్గయ్య విస్తరి పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆ పేరు పైకి పిలవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.